పట్టుదారాల మీద నిలిచిన విమానం

బొమ్మ విమానం కట్టడమంటే పిల్లలాట అనుకునేవారు మన యిళ్ళలో చాలామంది వున్నారు. వారితో నాకు తగవు లేదు. కాకపోతే ఆ ఆటకు రెండు నెలలు పడుతుందనీ, భూతద్దం కావాలనీ, పని జరుగుతున్నంతసేపూ యింట్లో ఫ్యాను వెయ్యనివ్వకూడదనీ, ఆఖరుకు దారం కోసం రైలెక్కవలసి వస్తుందనీ మాత్రం చెప్పగలను.

మొన్న వేసవిలో బెంగుళూరు నుంచి హిందూపురానికి నేను తెచ్చుకున్న పెట్టెలో వున్నది టైగర్ మాత్ అనే రెండంతస్తుల రెక్కల విమానం. ఎయిర్‌ఫిక్స్ వారి ప్లాస్టిక్ కిట్టు. అసలు దానిలో 72వ వంతు. డి హావిలాండ్ కంపెనీ చేసిన యీ విమానం ఇంగ్లండులో 1931 అక్టోబర్ 26న మొదటిసారి గాలిలోకి లేచింది. అన్ని దేశాల్లోనూ కలిపి యెనిమిది వేలకు పైగా తయారయ్యాయి. మనకూ కొత్తది కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాదు బేగంపేటలో మన కుర్రవాళ్ళు విమానం నడపడానికి వోనమాలు దిద్దుకున్నది వీటి మీదే. అసలు విమానం రెక్క యీ కొసనుంచి ఆ కొసకు దాదాపు 9 మీటర్లు. నా బల్లమీద అది 12 సెంటీమీటర్ల పైచిలుకు. జానెడు కూడా లేదన్నమాట.

దీన్నే యెంచుకోవడానికి వొక కారణం వుంది. పెనుకొండలో మా అక్క కొడుకు విమానాల మీద పనిచేసే వుద్యోగానికి పోయి, అన్ని పరీక్షలూ దాటి, చివర కళ్ళ పరీక్షలో ఆగిపోయాడు. చుక్కల్లో దాగిన అంకె అందరికీ కనిపించింది, వాడికి కనిపించలేదు. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదని వెనక్కి పంపారు. యింటికొచ్చి పుస్తకాలన్నీ మూటగట్టి అటకమీద పెట్టేశాడు. “మాట్లాడడు, సరిగా తినడు. నీ పోలికే వచ్చింది వీడికి” అని అక్క ఫోనులో అన్నది.

ఆమె మాటలో అబద్ధమేమీ లేదు. యీ లోపం తల్లి ద్వారా కొడుక్కి వస్తుంది. తల్లికి మాత్రం సాధారణంగా రంగులన్నీ శుభ్రంగానే కనిపిస్తాయి. మా అమ్మ నుంచి నాకు వచ్చింది, అక్క నుంచి వాడికి వెళ్ళింది. నా రంగు సీసాలన్నిటికీ పేర్లు రాసిన చీటీలు అంటించి వుంటాయి. చీటీ వూడిపోయిన సీసాను నేను ముట్టుకోను. అయితే మా యిద్దరికీ పసుపు మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో శిక్షణ విమానాలకు పసుపు పూసేవారు, కొత్తవాడు నడుపుతున్నాడని దూరంనుంచే తెలియడానికి. అందుకని పెట్టె చంకన పెట్టుకుని పెనుకొండ వెళ్ళాను. “వొక చేయి వెయ్యరా” అన్నాను, అంతే.

డొక్క అతకడం రెండు సాయంత్రాల పని. గురువు ముందు సీటులో, శిష్యుడు వెనక సీటులో కూర్చుంటారు; వారిద్దరి మధ్య మాట్లాడుకునే గొట్టాన్ని సన్నటి రాగితీగతో చేశాం. సీటు పట్టీలకు చాక్లెట్టు చుట్టిన రేకు సరిపోయింది. పైరెక్క నడుమ పెట్రోలు తొట్టి వుంటుంది. దానిమీద పెట్రోలు యెంత వుందో చూపే చిన్న పుల్ల నిలబడుతుంది. దానికి బ్రష్షులోనుంచి వొక వెంట్రుక పీకాం. బూడిదరంగు ప్లాస్టిక్ మీద నేరుగా పసుపు పూస్తే మురికిగా తేలుతుంది. ముందు తెలుపు, దానిమీద పలచగా మూడు పూతలు. వొక్క పూతతో తేల్చెయ్యాలని చూసేవాళ్ళకు యీ పని అచ్చిరాదు.

యిక అసలు సంగతి. యీ రెండు రెక్కల నడుమ అడ్డదిడ్డంగా తీగలు వుంటాయే, అవి అలంకారం కాదు. నులకమంచం చూడండి. నాలుగు కోళ్ళూ నాలుగు పట్టెలూ వున్నంత మాత్రాన మంచం కాదు. నులక బిగిస్తేనే మనిషి బరువు ఆగుతుంది. విమానమూ అంతే. గాలిలో వున్నప్పుడు రెక్కలు పైకి లేచిపోకుండా కొన్ని తీగలు పట్టి లాగుతాయి. ఇవి కింద డొక్క దగ్గర బయలుదేరి పైరెక్క చివరివైపు పోతాయి. నేలమీద వున్నప్పుడు రెక్కలు వాలిపోకుండా వాటికి అడ్డంగా పోయే మరికొన్ని మోస్తాయి. తీగలు లేని రెండు రెక్కల బొమ్మ నా కంటికి నులక లేని మంచమే.

కిట్టు పెట్టెలో తీగలు వుండవు, మనమే చూసుకోవాలి. ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తిమీద వేడిచేసి సాగదీస్తే దారంలా వస్తుంది. సడలితే అగరుబత్తి దగ్గరగా పెడితే బిగుసుకుంటుంది. ముచ్చటైన పద్ధతే గానీ, వేలు తగిలితే పుటుక్కుమంటుంది. నైలాను దారం మెరుస్తుంది. కుట్టుదారం మోకులా కనిపిస్తుంది, పైగా నూగు.

అప్పుడు మావాడే అన్నాడు: “మామా, ధర్మవరం యింత దగ్గర పెట్టుకొని దారానికి యాడికి పోతావు?”

ధర్మవరంలో మా బావకు తెలిసిన నేతపెద్ద వొకాయన వున్నారు. యింట్లో రెండు గుంటమగ్గాలు. వొకటి ఆడుతున్నది, రెండోది దుమ్ముపట్టి వుంది. దాన్ని గురించి నేను అడగలేదు. మాకు కావలసింది పురి పెట్టని, వుడికించని పట్టు. వుడికిస్తే బంక పోయి దారం మెత్తబడి విచ్చుకుంటుంది. బంక వున్న పచ్చిదారం తీగలా నిటారుగా నిలుస్తుంది, నూగు లేవదు. మా హిందూపురం మార్కెట్టులో రాసులుపోసి అమ్మే గూళ్ళలో వొక్కొక్కదాని పోగు వెయ్యి మీటర్ల దాకా సాగుతుంది. యెనిమిది పది గూళ్ళ పోగులు కలిస్తే వచ్చే పచ్చిదారం మందం మిల్లీమీటరులో యిరవయ్యో వంతు. 72 చేత హెచ్చవేస్తే మూడున్నర మిల్లీమీటర్లు! నిజమైన విమానపు తీగ లెక్కకు యింతకన్నా దగ్గరగా వచ్చే దారం నాకు యే దుకాణంలోనూ దొరకలేదు.

ఆ పెద్దాయన రెక్కను అరచేతిలో పెట్టుకుని, సూదిమొనంత కన్నాలను చాలాసేపు చూశారు. “పడుగు మాదిరే సామీ. రెండు పక్కలా సమంగా గుంజల్ల. వొగపక్క యెక్కువ గుంజితివా, ఇంగోపక్క వంకర పోతాది.” డబ్బు యివ్వబోతే నవ్వారు. “తూకానికి రాని పట్టుకు దుడ్డెట్ల తీసుకునేది?”

ఆ మాట ప్రకారమే చేశాం. కుడివైపు వొక దారం, యెడమవైపు వొక దారం, మళ్ళీ కుడివైపు. దారం కొసకు బట్టల క్లిప్పు వేలాడదీసి, కన్నంలో సూదితో చుక్క జిగురు. ఆరిన తర్వాత కొస కోసి, పైన పసుపు చుక్క. నా చేతికి వణుకు వచ్చే వయసు. కన్నంలోకి దారం యెక్కించిందంతా మేనల్లుడే. నాలుగు రాత్రులు వూపిరి బిగబట్టి చేశాడు.

రెక్కలమీద మన వైమానిక దళపు వలయాలు వుండాలని వాడి పట్టుదల. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. యిక్కడ మామా మేనల్లుళ్ళిద్దరమూ వొకరి మొహం వొకరు చూసుకున్నాం. అక్క వంటింట్లోనుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, సీసాలు తీసుకుని, ముగ్గుపెట్టే చేత్తో కొలతబద్ద లేకుండా నాలుగు వలయాలూ గీసేసింది. “యింతేనా?” అని మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది.

విమానం యిప్పుడు పెనుకొండలో అక్కావాళ్ళ టీవీ పక్కన వుంది. అటకమీది పుస్తకాలు వొకటి రెండు కిందికి దిగాయి. తక్కినవాటి సంగతి వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వాడు మాత్రం కొత్త విమానం వెతికి పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో యేడవ నిజాం డబ్బుతో 110వ స్క్వాడ్రన్‌కు కొన్న డి.హెచ్. 9ఎ విమానం. ఆయన కానుక అని దాని వొంటిమీదే రాసివుంటుంది. వాటిలో వొకటి, ఎఫ్ 1010, 1918 అక్టోబర్ 5న జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లినులో కొన్నాళ్ళూ, పోలండులో కొన్నాళ్ళూ వుండి 1977లో ఇంగ్లండు చేరి, యిప్పుడు లండనులోని వైమానిక దళ మ్యూజియంలో వుంది.

దాని పైభాగపు రంగు ఆకుపచ్చో, గోధుమరంగో బొమ్మలు కట్టే పండితులు యీనాటికీ తేల్చుకోలేక వాదించుకుంటూనే వున్నారని చెప్పాను.

“కండ్లు బాగుండేవాళ్ళకే తెలీలేదంట! ఇంగ మనకేమి మామా, మనమే పూస్తాం” అన్నాడు.

యీ విమానానికి రెక్కల నడుమ స్తంభాలు రెట్టింపు, తీగలూ రెట్టింపు. పెద్దాయన యిచ్చిన చుట్ట చాలదు. వచ్చే ఆదివారం ధర్మవరానికి రెండు టిక్కెట్లు తీయాలి.