హైదరాబాదులో బయటి ప్రాంతాల విశ్వవిద్యాలయ విద్యార్థుల భాషా ఎంపిక: సాంఘిక భాషాశాస్త్ర పరిశీలన

వ్యాససంగ్రహం:
చదువుకోసం హైదరాబాదుకు చేరే విద్యార్థి ఒకే రోజులో పలు భాషల మధ్య, ఒకే భాషలోని పలు మాండలికాల మధ్య ఎంపిక చేసుకోవలసి వస్తుంది. ఈ ఎంపికను నిర్ణయించే అంశాలను, తరగతి గదిలో దాని పర్యవసానాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: భాషా ఎంపిక, వ్యవహార రంగం, కోడ్ మార్పిడి, మాండలికం, దక్కనీ, బోధనామాధ్యమం.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదు విద్యారంగంలో బహుభాషా వ్యవహారం కొత్తది కాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనామాధ్యమంగా స్వీకరించింది. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత ఆ స్థానం ఇంగ్లీషుకు దక్కింది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వంటి కేంద్రీయ సంస్థలు ఇతర రాష్ట్రాల విద్యార్థులను కూడా నగరానికి రప్పించాయి. ఫలితంగా తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు భాషలు ఒకే ప్రాంగణంలో వినిపిస్తాయి. అయితే వాటి గౌరవస్థాయి ఒకటి కాదు.

2. సిద్ధాంత భూమిక:
ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఏ భాషలో మాట్లాడతారన్న ప్రశ్నను జాషువా ఫిష్‌మన్ 1965లో చర్చకు తెచ్చి, ఇల్లు, విద్య, ఉద్యోగం వంటి వ్యవహార రంగాల ఆధారంగా భాషా ఎంపికను వివరించాడు. యాన్-పెటర్ బ్లోమ్, జాన్ గంపెర్జ్‌లు నార్వేలోని హెమ్నెస్‌బెర్గెట్‌లో చేసిన అధ్యయనం 1972లో వెలువడింది. సందర్భం మారడంవల్ల జరిగే కోడ్ మార్పిడి వేరు, సందర్భం మారకుండానే వక్త ఒక భావాన్ని సూచించడానికి చేసే మార్పిడి వేరని వారు నిరూపించారు. సెలవులకు సొంతూరు వచ్చిన విశ్వవిద్యాలయ విద్యార్థులు తాము మాండలికమే మాట్లాడుతున్నామనుకున్నా, వారి సంభాషణలో ప్రామాణిక రూపాలు దొర్లడం ఆ అధ్యయనంలో గమనించదగిన విషయం.

3. వ్యవహార రంగాలు:
హైదరాబాదులో చదివే తెలుగు విద్యార్థికి ఇంటివారితో ఫోను సంభాషణ సొంత మాండలికంలో సాగుతుంది. ఆటోడ్రైవరుతోనో, చాయ్ కొట్టువద్దనో దక్కనీ లేదా హిందీ అవసరమవుతుంది. ఒడిశానుంచో కేరళనుంచో వచ్చిన సహాధ్యాయితో హిందీ లేదా ఇంగ్లీషు, అధ్యాపకునితో ఇంగ్లీషు వాడతాడు. కానీ రంగం ఒక్కటే భాషను నిర్ణయించదు. హాస్టల్ గదిలో తెలుగులో మాట్లాడుకుంటున్న ఇద్దరి మధ్యకు తెలుగు రాని మూడో వ్యక్తి వస్తే భాష మారుతుంది. మారకపోతే ఆ వ్యక్తి వెలివేతను అనుభవిస్తాడు. చోటు, విషయం మారకున్నా, శ్రోత మారితే భాష మారుతోందన్నమాట.

ఈ సంపర్కం భాషల నిర్మాణంపై కూడా ముద్రవేస్తుంది. తెలుగులోని ‘అని’ చేసే పనిని దక్కనీలో ‘బోల్‌కే’ చేయడం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. నగరానికి వచ్చిన విద్యార్థి నేర్చేది ఇలా తరతరాల సహజీవనంలో రూపుదిద్దుకున్న దక్కనీని.

4. మాండలికాల మధ్య ఎంపిక:
భాషలను మాత్రమే లెక్కిస్తే మరొక ఎంపిక మరుగునపడుతుంది. తల్లిని ‘తిన్నవా’ అని అడిగిన తెలంగాణ విద్యార్థి, ఫోను పెట్టేసి గుంటూరు మిత్రుణ్ని ‘తిన్నావా’ అని అడగవచ్చు. హవర్డ్ గైల్స్ ప్రతిపాదించిన సర్దుబాటు సిద్ధాంతం ప్రకారం, ఇది ఎదుటివారికి దగ్గరయ్యే ప్రయత్నం. ఎదుటివారి నుండి తేడాను చాటడానికి సొంత రూపాన్నే నిలుపుకోవడం దీనికి విపర్యయం. పాఠ్యపుస్తకాలు, పత్రికలు దీర్ఘకాలం కోస్తా జిల్లాల వ్యవహారానికి దగ్గరైన రూపాలను ప్రామాణికంగా నిలిపినందువల్ల ఈ సర్దుబాటు భారం ఇరువైపులా సమానంగా పడలేదు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన నేపథ్యంలో సొంత మాండలికాన్ని నిలుపుకోవడం గౌరవ ప్రకటనగానూ అర్థమవుతోంది. రాయలసీమ, ఉత్తరాంధ్ర విద్యార్థుల ఎంపికను కూడా ఈ దృష్టితో పరిశీలించవలసి ఉంది.

5. తరగతి గదిలో మౌనం:
తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి సందేహం తెలుగులో కలుగుతుంది, అడగవలసింది ఇంగ్లీషులో. ప్రశ్నను పక్కనున్న మిత్రునితో తెలుగులో పంచుకుని, అధ్యాపకుని ముందు మిన్నకుండటం అతనికి సురక్షిత మార్గమవుతుంది. ఈ మౌనాన్ని విషయజ్ఞానలోపంగా లెక్కించడం మూల్యాంకన దోషం. ఇంగ్లీషు మాధ్యమంలోని కోర్సులలో కూడా స్థానిక భాషలో పరీక్ష రాసే అవకాశమివ్వాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2023లో విశ్వవిద్యాలయాలను కోరింది. అయితే చదివే గ్రంథాలు, వినే పాఠం, చర్చించే పరిభాష ఇంగ్లీషులోనే ఉన్నప్పుడు జవాబును మాత్రమే తెలుగులో రాయడం మరొక భారమవుతుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలు, పరిభాషల విషయంలో చేసిన కృషి ఈ సందర్భంలో తిరిగి పరిశీలించదగినది.

6. ముగింపు:
భాషా ఎంపిక పూర్తిగా వ్యక్తి స్వేచ్ఛ కాదు. శ్రోత, సందర్భం, భాషల గౌరవస్థాయి కలసి దాన్ని నిర్ణయిస్తాయి. హెమ్నెస్‌బెర్గెట్ అనుభవం పరిశోధకులకు ఒక హెచ్చరిక. ‘ఏ భాష మాట్లాడతారు?’ అన్న ప్రశ్నావళి విద్యార్థి తన గురించి ఏమనుకుంటున్నాడో చెబుతుందిగాని, ఏమి మాట్లాడుతున్నాడో చెప్పదు. కనుక అనుమతితో సేకరించిన సహజ సంభాషణలను ప్రశ్నావళికి జతచేయాలి. అధ్యాపకులు సందేహాలను తెలుగులో అడగనిచ్చి, సమాధానాన్ని ఇంగ్లీషు పారిభాషిక పదాలతో అనుసంధానిస్తే, విద్యార్థి మౌనానికి కారణం భాషా, విషయమా అన్నది స్పష్టమవుతుంది.