కాచినా పోని ఫ్లోరైడ్, ఎండతో నీటిశుద్ధి



కనగానపల్లి, ధర్మవరం వైపు ఇళ్లలో బోరు నీళ్లు కాచి చల్లార్చి పిల్లల సీసాల్లో పోసే అలవాటు ఉంది. మంచి అలవాటే, క్రిములు చస్తాయి. కానీ ఫ్లోరైడ్ పోదు. కాచినప్పుడు కొంత నీరు ఆవిరైపోతుంది కాబట్టి, మిగిలిన నీటిలో దాని మోతాదు కాస్త పెరుగుతుంది కూడా. ఉమ్మడి అనంతపురం జిల్లాలో చాలాచోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. 1990లలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ఇక్కడి వందల ఊళ్లకు నీళ్లు తేవడానికి అదీ ఒక కారణం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగకూడదని మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. శాశ్వత దంతాలు లోపల తయారయ్యే వయసు పిల్లలకే మచ్చల ముప్పు ఎక్కువ.

ఆర్‌ఓ యంత్రం ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది. అయితే దానికి కరెంటు కావాలి, పైగా బోలెడు నీరు వృథాగా బయటికి పోతుంది. మన కరువు సీమలో అదీ లెక్కే.

మరో దారి ఎండ. నీరు ఆవిరైతే ఫ్లోరైడ్, ఉప్పు అడుగునే ఉండిపోతాయి. ఆ ఆవిరిని అద్దం మీద చల్లార్చి పట్టుకోవచ్చు. 1872లోనే చిలీ దేశపు ఎడారి గనుల దగ్గర ఇలాంటి అద్దాల తొట్లు పనిచేశాయి. చిక్కల్లా వేగంతోనే. లీటరు నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 24 లక్షల జౌళ్ల వేడి కావాలి. చదరపు మీటరు మీద నడినెత్తి ఎండ గంటకు ఇచ్చేది సుమారు 36 లక్షలు. ఒక్క చుక్క వేడి వృథా కాకపోయినా గంటకు లీటరున్నరే! మామూలు తొట్టిలో అందులోనూ చాలా భాగం అడుగు నీటిని వేడిచేయడానికే పోతుంది.

అందుకే శాస్త్రవేత్తలు నీటినంతా కాకుండా పై పొరనే వేడిచేసే పదార్థాల మీద పడ్డారు. 2014లో అమెరికాలోని ఎం.ఐ.టి. బృందం నీటిపై తేలే కార్బన్ నురుగు మీద గ్రాఫైట్ పొర పరిచింది. నల్లటి పొర ఎండను పీలుస్తుంది, నురుగు వేడిని కిందికి దిగనివ్వదు, దాని సన్నటి రంధ్రాలు దీపపు వత్తి నూనెను లాగినట్టు నీటిని పైకి లాగుతాయి. 2018లో టెక్సస్ విశ్వవిద్యాలయం వారు నల్లటి జెల్‌తో మామూలు ఎండంత వెలుతురులో గంటకు 3.2 కిలోల ఆవిరి సాధించామని ప్రకటించారు. లీటరున్నర లెక్కను ఇది ఎలా దాటింది? జెల్ లోపల చిక్కుకున్న నీటికి తక్కువ వేడి చాలుతుందని వారి వివరణ. దానిపై ఇంకా చర్చ నడుస్తోంది. ఆవిరి వచ్చినంత మాత్రాన తాగునీరు వచ్చినట్టు కాదు, దాన్ని చల్లార్చి పట్టాలి. ఉప్పు పేరుకుని రంధ్రాలు మూసుకుపోకుండానూ చూడాలి.

ఈ ఆదివారం పిల్లలతో చేసి చూడండి. ఒకేలాంటి రెండు లోతైన డబ్బాల్లో సమానంగా నీళ్లు పోయండి. ఒకదానిలో నీటిపై థర్మోకోల్ ముక్క తేలనిచ్చి, నల్ల నూలు గుడ్డ కప్పి, దాని అంచులు నీటిలో మునిగేలా చూడండి. రెండింటినీ తూచి, ఉదయం పది నుంచి రెండు దాకా మిద్దెపై ఎండలో పెట్టి, మళ్లీ తూచండి. గుడ్డ పూర్తిగా తడిసి ఉండాలి, లేకపోతే ప్రయోగం తేలిపోతుంది. తగ్గిన గ్రాములు పిల్లలనే రాయమనండి. ఇక మీ బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంతో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే తెలుస్తుంది.