మడి చెప్పే వృక్షశాస్త్రం

వృక్షశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థి చేతికి వచ్చే మొక్క సాధారణంగా అప్పటికే నేల నుండి వేరుపడినదై ఉంటుంది. దాని పుష్పాన్ని నిలువుగా కోసి, భాగాలను గుర్తించి, పటం గీసి, కుటుంబం పేరు రాయడంతో ఆనాటి అభ్యాసం ముగుస్తుంది. ఆ మొక్క ఎటువంటి నేలలో పెరిగింది, దాని పూలపై ఏ కీటకం వాలింది, ఏ పురుగు దానిని తొలిచింది అనే ప్రశ్నలకు అక్కడ తావు తక్కువ. అందువల్లనే కొన్ని విద్యాసంస్థలు తమ ఆవరణలోని కొద్దిపాటి భూమిని విద్యార్థులకు అప్పగించి, రసాయనాలు వాడకుండా కూరగాయలు పండించే అవకాశం కల్పిస్తున్నాయి.

ఇది నిన్న మొన్నటి ఆలోచన కాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటాక్రూజ్ ప్రాంగణంలో 1967లో అలన్ చాడ్విక్ అనే ఆంగ్లేయుడు ఒక ఏటవాలు నేలను విద్యార్థులచేత పారలతో తవ్వించి, సేంద్రియ ఎరువులతో పూలమొక్కలను, కూరగాయలను పెంచాడు. ఆ తోట నేటికీ ఆయన పేరుతోనే ఉంది. ఇటువంటి తోటలకు ఆధారమైన కంపోస్టుకు మన దేశంతో గాఢమైన సంబంధం ఉంది. 1924 నుండి 1931 వరకు ఇండోరులో పరిశోధనలు సాగించిన ఆల్బర్ట్ హోవార్డ్, ఇక్కడి రైతుల సేద్యాన్ని శ్రద్ధగా గమనించి, చెత్తను, పేడను, మట్టిని పొరలుగా పేర్చి కుళ్ళబెట్టే విధానాన్ని రూపొందించాడు.

రసాయనాలను దూరంగా ఉంచడానికి ఆరోగ్యం ఒక్కటే కారణం కాదు. చదువు కూడా కారణమే. అలసంద మొక్కను పూతకు వచ్చే వేళ మట్టితో సహా పెకలించి, వేళ్ళను మెల్లగా కడిగితే చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒక బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎరుపు ఛాయ ఉంటుంది. అది లెగ్‌హీమోగ్లోబిన్ రంగు. అక్కడ రైజోబియం బాక్టీరియాలు గాలిలోని నత్రజనిని మొక్కకు ఉపయోగపడే రూపంలోకి మారుస్తున్నాయనడానికి గుర్తు. యూరియా దండిగా వేసిన నేలలో నత్రజని సిద్ధంగా దొరుకుతుంది కనుక బుడిపెలు తక్కువగా ఏర్పడతాయి. పాఠ్యపుస్తకంలోని పటాన్ని కంటితో చూడాలంటే యూరియా బస్తాను మడికి దూరంగా ఉంచవలసిందే.

బీరపాదు మరొక పాఠం చెబుతుంది. ఒకే తీగపై మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. మొదట వచ్చేవి ఎక్కువగా మగపూలే. పూతను చూసి సంబరపడి, పిందె పడలేదని దిగులుపడిన విద్యార్థి, పువ్వు కింద చిన్న బీరకాయ ఆకారంలో ఉండే అండాశయం కోసం వెతకడం నేర్చుకుంటాడు. ఈ పూలు సాయంకాలం విచ్చుకుంటాయి. చివరి గంట కొట్టగానే ఇంటిదారి పట్టేవారికి ఆ దృశ్యం దక్కదు.

అయితే విద్యార్థుల ఓర్పును నిజంగా పరీక్షించేది వంగ. దాని పరాగకోశాలు నిలువునా పగలవు. కొనలోని సన్నని రంధ్రాల గుండానే పుప్పొడి వెలికి వస్తుంది. తుమ్మెద పువ్వును పట్టుకొని ఝుంకరిస్తూ కంపింపజేసినప్పుడు ఆ పుప్పొడి జలజలా రాలుతుంది. పురుగుమందు చల్లితే ఈ తుమ్మెదకూ ముప్పే. మరోవైపు లేత కొమ్మలు ఉన్నట్టుండి తలలు వాలుస్తాయి. చీల్చి చూస్తే లోపల పురుగు! కొమ్మను, ఆపై కాయను తొలిచే ఈ పురుగు లోపల దాగి ఉండటం వలన పైన చల్లిన మందు దానికి సరిగా తగలదు. తగలలేదని మళ్ళీ మళ్ళీ చల్లుతారు. ఈ పురుగును తట్టుకొనేలా రూపొందించిన బిటి వంగ విడుదలను 2010 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం నిలిపివేసింది.

కళాశాల మడిలో ఉన్న ఉపాయాలు సామాన్యమైనవి. వాలిన కొమ్మలను వారం వారం తుంచి నాశనం చేయాలి. మగ రెక్కలపురుగులను ఆకర్షించే లింగాకర్షక బుట్టలను అమర్చాలి. వినడానికి సులభమే. కాని దసరా సెలవులలో పది రోజులు ఎవరూ మడివైపు రాకపోతే సగం కాయలు పుచ్చిపోవచ్చు. విద్యార్థికి ఆ నష్టం రికార్డు పుస్తకంలో ఒక పంక్తి మాత్రమే. అదే నష్టం అప్పు చేసి పంట వేసిన రైతుకు సంవత్సరపు జీవనం. ఈ తేడా తెలియకుండా మందు చల్లే రైతును తప్పుపట్టడం తగదు.

కనుక మంచికాయలతోపాటు పుచ్చుకాయలను కూడా తూచి నమోదు చేయించే అధ్యాపకులే సరైన పాఠం చెబుతున్నట్లు. మంచికాయలు వసతిగృహపు వంటశాలకు చేరుతాయి. విత్తనం కొరకు మాత్రం ఆరోగ్యంగా ఉన్న మొక్కకు రెండు మూడు కాయలను వదిలివేయాలి. అవి పండి పసుపు రంగుకు తిరిగిన తరువాత గింజలను కడిగి ఆరబెడితే, మరుసటి సంవత్సరం చేరే విద్యార్థుల నారుమడికి సరిపోతాయి.