కాన్పువేళ కాలహరణము



కాన్పు ఆడువారి సంగతి అనియు, మగవారు వీధి అరుగుమీద కూర్చుండి కబురుకొఱకు వేచియుండిన చాలుననియు మనలో పూర్వమునుండి ఒక తలంపు కలదు. అందులో మర్యాద లేకపోలేదు. కాని బండి కట్టవలయునా, డబ్బు తీయవలయునా, పట్టణమునకు పంపవలయునా అను నిర్ణయము జరుగునది ఆ అరుగుమీదనే. నొప్పులు పడునది లోపలి గదిలో, తీర్పు చెప్పువారు బయట.

1994వ సంవత్సరమున థాడియస్, మెయిన్ అను ఇద్దరు పరిశోధకులు అనేక దేశముల తల్లుల మరణములను పరిశీలించి, వానికి మూలమైన ఆలస్యము మూడు విధములని తేల్చిరి. ఇంటిలో నిశ్చయించుటలో ఆలస్యము మొదటిది. దారిలో ఆలస్యము రెండవది. ఆసుపత్రి చేరిన పిమ్మట వైద్యము అందుటలో ఆలస్యము మూడవది. కడపటి రెండును ప్రభుత్వము, వైద్యులు చక్కబెట్టవలసినవి. మొదటిది మాత్రము మన చేతిలోనిది.

నెలలు నిండిన గర్భిణి గర్భసంచికి నిమిషమునకు ఇంచుమించు అర లీటరు రక్తము ప్రవహించుచుండును. బిడ్డ పుట్టి, మాయ పడిన వెంటనే గర్భసంచి గట్టిగా ముడుచుకొని ఆ రక్తనాళములను మూసివేయవలెను. అది ముడుచుకొననిచో రక్తము ధారగా పోవును. వైద్యమందకున్న రెండు గంటలలోనే ప్రాణము పోవచ్చును. రెండు గంటలనగా ఎంత? వియ్యంకునికి కబురు పంపి, ఆయన వచ్చి ఆలోచన చెప్పువఱకు పట్టు కాలము.

దారి మాట కొంత నయము. 1883లో అమెరికానుండి డాక్టరు అన్నా కుగ్లర్ గుంటూరికి వచ్చి స్త్రీలకు వైద్యము చేయ మొదలుపెట్టెను. 1898లో ఆమె ఆసుపత్రి తెఱవబడెను. ఆ దినములలో మన పల్లెలనుండి గుంటూరు చేరుటకు ఎద్దుబండియే గతి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున 108 వాహనములు ఆరంభమయ్యెను. ఆ అంకె నొక్కిన కాసు ఖర్చు లేకుండ బండి వచ్చును. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేనాటికి మన రాష్ట్రమున నూటికి 96 కాన్పులకు పైగా ఆసుపత్రులలోనే జరిగినవి. 2018-20 లెక్కలలో లక్ష సజీవ జననములకు దేశమున 97 మంది తల్లులు మరణింపగా, మన రాష్ట్రమున 45 మంది మరణించిరి. మేలే. అయినను ఆ నలుబది యైదుగురును ఎవరో ఒకరి కోడండ్రే కదా!

ఆసుపత్రికి పోవుచున్నను ముప్పు తీరకుండుటకు కారణము, పోవు మనిషిలో రక్తము చాలకుండుటయే. అదే సర్వేలో మన రాష్ట్రపు గర్భిణులలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కనబడెను. బలముగల తల్లి తట్టుకొను రక్తస్రావమును పాలిపోయిన తల్లి తట్టుకొనలేదు. నాల్గవ నెలనుండి నూట ఎనుబది దినములు దినమునకొక ఇనుపమాత్ర ఉచితముగా ఇచ్చుచున్నారు. దానివలన మలము నల్లబడును, కొందఱికి మలబద్ధము కలుగును. అది చూచి బెదరి, మాత్రలను గూటిలో దాచువారు అనేకులు. టీతో మ్రింగిన అవి సరిగా ఒంటబట్టవు, నిమ్మరసముతో మేలు. మిరపకోతల దినములలో ప్రొద్దున్నే చేనికి పోవు గర్భిణికి ఇది గుర్తుచేయుట అత్తగారి పని మాత్రమే కాదు, మామగారును అడుగవచ్చును.

పదునెనిమిదేండ్లు నిండక పెండ్లిచేయుట మరియొక కీడు. ఆ సర్వేలో ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి అట్లే పెండ్లియైనట్లు తేలినది. చట్టము సంగతి అటుంచుడు, లేతవయసున తొలిచూలు వచ్చిన పిల్లకు రక్తపుపోటు పెరిగి మూర్ఛలు వచ్చు భయమెక్కువ. ముఖము, చేతులు వాచుట, విడువని తలనొప్పి, చూపు మసకబారుట దానికి ముందు గుర్తులు. గాలి సోకినదని తాయెత్తు కట్టుచు కూర్చుండిన తల్లియు బిడ్డయు ఇద్దఱును పోవుదురు.

ఇక శిశువు మాట. గేదె ఈనినప్పుడు జున్నుపాలు త్రాగని దూడ నిలువదని మన రైతులందఱెఱుగుదురు. అట్టివారే మనుష్యశిశువునకు తల్లి ముర్రుపాలు పిండి పాఱబోయించి, తేనెయో, గాడిదపాలో, ఆముదమో నాకింతురు! దూడకున్న న్యాయము బిడ్డకు లేదా? పుట్టిన గంటలోపల చనుబాలు పట్టవలయును. ఆఱు నెలలు నిండువఱకు నీరుకూడ అక్కఱలేదు. బాలింతకు మాత్రము పథ్యమని నీరు, కూర తగ్గింపరాదు.

కావున ఎనిమిదవ నెలలోనే ఇంటివారందఱు కూర్చుండి ఏ ఆసుపత్రికి పోవలయునో, పగలైన ఎవరు, రాత్రియైన ఎవరు తోడుపోవలయునో నిశ్చయించుకొనవలెను. కొంత రొక్కము వేరుగా తీసియుంచవలెను. ఇంటి పెద్ద ఊరలేనప్పుడు ఆయన అనుమతికై ఆగకుండ బండిని పిలుచు అధికారము ఇంటిలోని స్త్రీకి ముందే ఈయవలెను. గర్భిణి రక్తము ఏ గుంపుదో తెలిసికొని, ఆ గుంపు రక్తముగల ఆరోగ్యవంతులగు యువకుల నిద్దఱిని ఊరిలో చూచి, వారి పేరులు ఆశా కార్యకర్త పుస్తకములో వ్రాయించవలెను.