పాత సైకిలును బాగుచేయింపవలెనా?



ఈనాడు నేను ముచ్చటింపదలచిన విషయము చిన్నదే. కాని ప్రతి గ్రామమునందును ఏదో యొక యింట నేడో రేపో రాదగినది. పశువుల కొట్టములో గోడకు ఆనించిన పాత సైకిలు ఒకటి యుండును. లేదా పొరుగూరివారెవరో అయినకాడికి అమ్మజూపునది ఒకటి యుండును. దానిని బాగుచేయింపవలెనా, పాత యినుము క్రింద తూకమునకు వేయవలెనా? ఈ ప్రశ్నకు కంటిచూపుతోనే జవాబు చెప్పరాదు. రంగు నిగనిగలాడుచున్నను పనికిరాని సైకిళ్లు కలవు. పైనంతయు త్రుప్పు కమ్మియున్నను లోపల గట్టిగా నున్నవియు కలవు. ఆ తేడాను కనిపెట్టు విధము చెప్పుటయే నా యుద్దేశము.

మన సారపాకవారికి ఇందులో మరియొక చిక్కు గలదు. గోదావరికి ఆవలి యొడ్డున భద్రాచలము, ఈవలి యొడ్డున మనము. 1965లో వంతెన తెరచిన నాటినుండి రెండు గట్లకును సైకిలుమీద రాకపోకలు సులభమైనవి. ఆ గోదావరియే 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పొంగినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే యిత్తురన్నచో, ఆ పొంగు ఎంతటిదో పెద్దలు ఊహింపగలరు. పల్లపు వీధులలో ఇండ్లు మునిగినప్పుడు ఇండ్లలోని సైకిళ్లును మునిగినవి. మునిగిన సైకిలు పైన ఆరినంతమాత్రమున లోపల ఆరినట్లు కాదు. బురదనీరు సీటు గొట్టము గుండ దిగి, పెడళ్ల యిరుసు తిరుగు గూటిలో నిలిచి, ఏండ్ల తరబడి ఇనుమును లోపలినుండి తినుచుండును. కావున మన ప్రాంతమున పాత సైకిలు కొనువాడు అమ్మువానిని అడుగవలసిన మొదటి మాట, అది వరదలో మునిగినదా యని.

మన పెద్ద సైకిలు పుట్టుపూర్వోత్తరములు కొంచెము తెలిసినచో నిర్ణయము తేలికపడును. వెనుక చక్రమును చైనుతో త్రిప్పుచు, నేటి సైకిలునకు మూలరూపమైన వాహనమును ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ 1885లో చేసెను. 1888లో డన్‌లప్ గాలి టైరునకు పేటెంటు పొందెను. మన దేశమున హింద్ సైకిళ్లు 1939లో బొంబాయియందు ఆరంభమైనవి. పిమ్మట మద్రాసు చెంతనున్న అంబత్తూరున హెర్క్యులిస్ సైకిళ్లను చేసిన కర్మాగారమును, సోనీపట్‌లో అట్లాస్, ఆసన్‌సోల్‌లో సేన్ ర్యాలీ, 1956లో లూధియానాలో హీరోయును వెలసినవి. పేర్లు వేరైనను పెద్ద సైకిలు రూపము ఒక్కటే: ఇరువదియెనిమిది అంగుళముల చక్రములు, కడ్డీ బ్రేకులు, ముందు చక్రమునకు 32, వెనుక చక్రమునకు 40 స్పోకులు. ఈ ఏకరూపత మనకు గొప్ప యుపకారము చేసినది. అట్లాసువారి సాహిబాబాదు కర్మాగారము 2020 జూన్ 3న మూతపడినను, ఆ సైకిలునకు కావలసిన టైరు, చైను, ఇరుసు నేటికిని దొరకుచున్నవి. ఏలయనగా ఒకరి సామాను మరియొకరి సైకిలునకు పట్టును. ఇంగ్లండులోని నాటింగ్‌హామున చేసిన పాత ర్యాలీ విషయమున మాత్రము జాగ్రత్త వలయును. దాని తలగొట్టమునందును పెడళ్ల యిరుసునందును మరచుట్లు అంగుళమునకు 26; తక్కినవారివి 24. కావున మామూలు సామాను దానికి పట్టదు.

ఇక పరీక్షలకు వత్తును. సైకిలునకు ప్రాణము ఫ్రేము. ఫ్రేము మంచిదైనచో తక్కినవన్నియు మార్చుకొనవచ్చును. నిట్టాడు పుచ్చిన గుడిసెకు క్రొత్త తాటాకు కప్పిన లాభమేమి? అట్లే ఫ్రేము చెడిన సైకిలునకు క్రొత్త టైర్లు వేయుట ధనము నీటిపాలు చేయుటయే. ఫ్రేమును నాలుగు విధములుగా చూడవలెను.

మొదటిది, త్రుప్పు. గరుకు కాగితముతో రుద్దినప్పుడు పొడిగా రాలి క్రింద నున్నని యినుము కనబడినచో అది పైత్రుప్పు, భయము లేదు. గుంటలు పడి, పొరలు పొరలుగా ఊడినచో అది లోతైన త్రుప్పు. పిమ్మట సీటును గొట్టముతో సహా పైకి లాగి, సైకిలును తలక్రిందులు చేసి, గొట్టములను తట్టవలెను. కొంచెము ఎఱ్ఱని పొడి రాలుట సహజము. ఆకులవంటి త్రుప్పు పెచ్చులును ఎండిన ఒండ్రును రాలినచో లోపల గొట్టము పలుచనైనదని అనుమానింపవలెను. పెడళ్ల గూటి అడుగుభాగమును మొనగల పనిముట్టుతో గట్టిగా నొక్కి చూడుడు. లొంగినచో ఇక ఆ సైకిలును విడిచివేయుడు.

రెండవది, పగులు. గొట్టములు కలిసెడి మూలలను, ఫోర్కు మెడను, వెనుక యిరుసు దూరెడి చీలికలను కిరసనాయిలుతో తడిపి, శుభ్రముగా తుడిచి, పైన సుద్దపొడి చల్లవలెను. పగులు ఉన్నచో అందులో దాగిన కిరసనాయిలు పైకి ఊరి సుద్దమీద సన్నని గీతగా కనబడును. దీనికి ఖర్చు ఏమియు లేదు.

మూడవది, వంకర. ఒక దారమును వెనుక చక్రపు చీలికకు ఒకవైపున కట్టి, ముందునకు తెచ్చి, హ్యాండిలు క్రింది తలగొట్టమును చుట్టి, రెండవవైపు చీలికకు బిగించవలెను. ఇరువైపుల దారమునకును సీటు గొట్టమునకును నడుమనున్న యెడమును కొలువవలెను. రెండును సమానమైనచో ఫ్రేము తిన్నగా నున్నది. ఒకటి రెండు మిల్లీమీటర్ల భేదము లెక్కకు రాదు.

నాలుగవది, గ్రుద్దుకొన్న గుర్తు. తలగొట్టము వెనుక, క్రింది గొట్టము అడుగున వ్రేలితో తడిమి చూడుడు. అక్కడ ముడుత తగిలినచో ఆ సైకిలు ఎప్పుడో దేనినో బలముగా ఢీకొన్నది.

ఫోర్కు ఒక్కటే చెడినచో మార్చుకొనవచ్చును. పగిలిన ఫోర్కునకు గాని, తలగొట్టమునకు గాని వెల్డింగు పెట్టించి త్రొక్కుట మాత్రము తగదు. క్యారియరు కాలు విరిగిన అతికించిన చాలును. ఫోర్కు అట్టిది కాదు. అది నడుచుచుండగా విరిగినచో త్రొక్కువాడు తలక్రిందుగా పడును. వెనుక మనుమరాలు కూర్చున్నచో ఆమెయు పడును. లారీలు పోవుచుండెడి వంతెనమీద ఇట్లు జరిగిన ఫలితమేమో చెప్పనక్కరలేదు.

ఫ్రేము ఈ నాలుగింట గెలిచినచో తక్కినవి లెక్కకు సంబంధించినవి. చైనును స్కేలుతో కొలువవలెను. క్రొత్త చైనులో ఒక పిన్ను నడుమనుండి ఇరువదినాలుగవ పిన్ను నడుమకు సరిగా పండ్రెండు అంగుళములు. అది అంగుళములో ఎనిమిదవ వంతు సాగినచో చైను మార్చవలెను. పండ్లు కొక్కెములవలె వంగినచో ఫ్రీవీలును కూడ మార్చవలెను. లేనిచో క్రొత్త చైను అరిగిన పండ్లమీద జారును. మునిగిన సైకిలునకు ఇరుసుల గోళీలను, గ్రీజును తప్పక మార్చవలెను. విప్పునప్పుడు ఒక మాట గుర్తుండవలెను: ఎడమ పెడలు మరయు, కుడివైపు గూటి మరయు తారుమారుగా తిరుగును. ఇది తెలియక బలముకొలది పానా తిప్పినచో మర చెడిపోవును. బిగిసిన చోట్ల నూనె పోసి రెండు మూడు దినములు ఓపిక పట్టుట మేలు. బ్రేకు రబ్బరులకు లోభింపరాదు. వానలో ఇనుప రిమ్ముపై బ్రేకు సహజముగనే తక్కువ పట్టును.

ఇప్పుడు కాగితము తీసి మూడు పట్టీలు వ్రాయవలెను. మొదటి దానిలో తప్పనిసరివి: టైర్లు, ట్యూబులు, బ్రేకులు, గోళీలు, చైను, దుకాణమువారు ఓవరాయిలింగు అనెడి పనికి కూలి. రెండవ దానిలో ఆగదగినవి: సీటు, మడ్‌గార్డులు, క్యారియరు. మూడవ దానిలో ముచ్చటలు: రంగు, మెరుగు. సైకిలు వెలయు మొదటి పట్టీయు కలిసి క్రొత్త సైకిలు వెలలో సగమునకు లోబడినచో నిస్సంకోచముగా బాగుచేయింపవచ్చును. సగము దాటినచో, దినదినము త్రొక్కువారున్నప్పుడే చేయింపవలెను. క్రొత్త వెలకు చేరువైనచో మానుట మేలు. ఇది నేను పాటించు లెక్క. రంగు ఎల్లప్పుడును చివరిది. ముందు రంగు వేయించినవారికి చేతిలో సొమ్ము అయిపోయి, బ్రేకులు పాతవే మిగులును.

అమ్మజూపెడి సైకిలు మీద అప్పుడే వేసిన రంగు కనబడినచో సంతోషింపక సందేహింపుడు. రంగు క్రింద ముడుతలును పగుళ్లును దాగును. ఫ్రేముమీద చెక్కిన సంఖ్యను చూచి, దానిని వ్రాయించి చీటీ పుచ్చుకొనుడు. సంఖ్యను గీకివేసిన సైకిలును ఎంత చౌకగా నిచ్చినను కొనరాదు.

త్రొక్కువారెవరో కూడ చూడవలెను. బడికి పోవు పిల్లవానికి తాత సైకిలు ఎత్తు. వాడు అడ్డగొట్టము క్రింద కాలు దూర్చి వంకరగా త్రొక్కుచు లారీల బాటమీద పోవుట మనకు ముచ్చటగా తోచవచ్చును గాని క్షేమము కాదు. వానికి తగిన చిన్న సైకిలు కొనిచ్చుటయే న్యాయము. పొలమునకు ఎరువు బస్తా మోయువానికిని, కర్మాగారమునకు పనికి పోవువానికిని మాత్రము గట్టి ఫ్రేముగల పాత సైకిలు నేటికిని చక్కగా పనికివచ్చును.

తండ్రి త్రొక్కిన సైకిలను మమకారముచేత కొందరు దానిని విడువజాలరు. అది తప్పు కాదు. కాని జ్ఞాపకమునకు ఉంచుకొనుట వేరు, పిల్లలను ఎక్కించుట వేరు. పరీక్షలో ఓడిన సైకిలును తుడిచి, నూనె రాచి, నీరు చేరని యెత్తున ఇంటిలో ఉంచుకొనుడు. దానిపై పాత రంగును, కంపెనీ గుర్తును చెరపకుడు. గెలిచిన దానిని మాత్రము బాగుచేయించి త్రొక్కుడు. ఏటేట వానలు మొదలగుటకు ముందు ఒక మారు, వెలిసిన తరువాత ఒక మారు ఇరుసులు విప్పి గ్రీజు పెట్టించినచో అది మీ మనుమల కాలమునకును నిలువగలదు. సెలవు.