ప్లంబర్‌కి లైసెన్స్ ఎవరిస్తరు, పరీక్షల ఏముంటది?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఎక్కడ చూసినా కొత్త ఇండ్లు లేస్తున్నయి, ప్లంబర్‌కు పని ఉంది. కానీ "తమ్మీ, నీకు లైసెన్స్ ఉందా?" అని అడిగే ఓనర్ నాకైతే ఇప్పటిదాకా కనబడలే. రేటెంత అనే అడుగుతరు.

ముందు ఒక్క మాట క్లియర్ చేసుకుందాం. సర్టిఫికెట్ వేరు, లైసెన్స్ వేరు. సర్టిఫికెట్ అంటే నీకు పని వచ్చని చెప్పే కాయితం. లైసెన్స్ అంటే నల్లా లైన్ మీద పని చేయడానికి అనుమతి. అది నీళ్లిచ్చే సంస్థ చేతిలో ఉంటది. హైదరాబాద్‌లో ఆ సంస్థ వాటర్ బోర్డు. మన మూడు ఊర్లల్ల మున్సిపాలిటీ. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016, తొమ్మిదో భాగంలో ప్లంబింగ్ పని లైసెన్స్ ఉన్నోళ్లే చేయాలని, వాళ్లకు పరీక్ష పెట్టాలని ఉంది. కాకపోతే ఆ కోడ్ సిఫార్సు మాత్రమే. స్థానిక సంస్థ అమలులోకి తెస్తేనే దానికి బలం. అందుకే ఏజెంట్‌ను కాదు, మున్సిపల్ ఆఫీసుల ఇంజినీరింగ్ సెక్షన్‌కు పోయి అడగండి.

ఇంత పట్టింపు ఎందుకంటరా? మన దిక్కు చాలా ఇండ్లల్ల నల్లా ఉంటది, బోరు కూడా ఉంటది. రెండింటినీ ఒకే పైపుకు కలిపేస్తే పని సులువు, ఖర్చు తక్కువ. కానీ నల్లా బంద్ అయినప్పుడు మెయిన్ లైన్‌లో ప్రెషర్ పడిపోతది. అప్పుడు మన బోరు నీళ్లు, సంపు నీళ్లు వెనక్కి పోయి లైన్‌ల కలుస్తయి. అవే మళ్లీ పక్కింటోళ్లు తాగుతరు. నల్గొండ ఫ్లోరైడ్ కథ మీకు చెప్పాల్సిన పని లేదు. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. భగీరథ నీళ్లు ఇంటిదాకా వచ్చినంక మళ్లీ బోరు కలిపితే ఏం లాభం? తెలిసిన ప్లంబర్ రెండు లైన్లు విడివిడిగా వేస్తడు.

ఇక పరీక్షలు. ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ ఏడాది కోర్సు. చివర ఆలిండియా ట్రేడ్ టెస్ట్ రాసి పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తది. థియరీతోపాటు ప్రాక్టికల్ కూడా ఉంటది. జీఐ పైపుకు థ్రెడ్ కొట్టుడు, సీపీవీసీ జాయింట్, ట్రాప్ బిగించుడు, డ్రైనేజీ పైపుకు వాటం పెట్టుడు, లీకేజీ టెస్ట్... ఇట్లాంటివి రావాలె. నాలుగు ఇంచుల పైపుకు 40కి 1 వాటం అంటే, మీటరుకు రెండున్నర సెంటీమీటర్లు దిగాలె. ఇది నోటితో చెప్తే సరిపోదు, లెవల్ పెట్టి చూపించాలె.

మేస్త్రీ దగ్గరే పని నేర్చుకున్నోళ్లకు ఆర్‌పీఎల్ అనే దారి ఉంది. అంటే వచ్చిన పనికే గుర్తింపు. కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, టెస్ట్ పెట్టి సర్టిఫికెట్ ఇస్తరు. సౌదీ పోదామనుకునేటోళ్లకు అక్కడోళ్ల స్కిల్ వెరిఫికేషన్ టెస్ట్ వేరే ఉంది, ప్లంబింగ్ అందుల మొదట్నుంచీ ఉంది. పీఎం విశ్వకర్మల మాత్రం రాజ్‌మిస్త్రీ ఉన్నడు కానీ, ఆ 18 వృత్తులల్ల ప్లంబర్ లేడు. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తది.

"పరీక్ష లేకుండ సర్టిఫికెట్ ఇప్పిస్తా, పైసలు పంపు" అని వాట్సాప్‌ల వస్తే నమ్మొద్దు. స్కిల్ ఇండియా సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటది. మీ ఫోన్‌తోనే స్కాన్ చేసి, పేరు, ట్రేడ్ సరిగ్గ వస్తున్నయా చూసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌ల వైర్‌మన్ పర్మిట్ సంగతి మాట్లాడుకుందాం.