చోళమండల్: చేతిపని పునాదిగా వెలసిన కళాకారుల ఊరు

చెన్నై నుంచి మహాబలిపురం వైపు సాగే తూర్పు తీర రహదారి పక్కన, ఇంజంబాక్కంలో, బంగాళాఖాతానికి చేరువగా ఉన్న చోళమండల్ కళాకారుల గ్రామం, చిత్రకారులూ శిల్పులూ తమ చేతిపని మీద వచ్చిన సంపాదనతో భూమి కొని, ఇళ్లు కట్టుకొని, సమష్టిగా నడుపుకొంటూ వచ్చిన అరుదైన ఆవాసం. 1966లో మొదలైన ఈ గ్రామ చరిత్రను తెలుసుకోవడమంటే, కళాకారుడికి ప్రతిభ ఎంత అవసరమో, ఆ ప్రతిభను కాపాడుకోవడానికి కావలసిన తీరికా స్వేచ్ఛా అంతే అవసరమని గుర్తించిన ఒక తరం ప్రయత్నాన్ని తెలుసుకోవడమే.

ఈ ప్రయత్నానికి మూలం మద్రాసు చిత్రకళా పాఠశాలలో ఉంది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు ప్రారంభించిన ఆ పాఠశాల మొదట వృత్తి కళలకు ప్రాధాన్యమిచ్చినా, తరువాతి కాలంలో దేవీప్రసాద్ రాయ్ చౌదరి నాయకత్వంలో చిత్రలేఖనానికీ శిల్పానికీ పేరు పొందింది. ఆయన శిష్యుడైన కె.సి.ఎస్. పణిక్కర్ (1911-1977) 1944లో ప్రగతిశీల చిత్రకారుల సంఘం స్థాపనలో ముందు నిలిచి, 1957లో అదే విద్యాసంస్థకు ప్రిన్సిపాల్ అయ్యారు. పాశ్చాత్య ఆధునికతను అనుకరించకుండా, దక్షిణాది దేవాలయ శిల్పం, జానపద చిత్రణ, లిపి, జ్యోతిష చక్రాలు వంటి స్థానిక వనరుల నుంచి కొత్త రూపాలను వెతకాలన్న ఆలోచన ఆయన చుట్టూ చేరిన యువకులలో బలపడింది. ఈ ధోరణినే కళాచరిత్రకారులు మద్రాసు కళోద్యమం అని పిలుస్తున్నారు.

అయితే 1960ల మద్రాసులో ఆధునిక చిత్రాలను కొనేవారు బహు కొద్దిమంది కావడంతో, చదువు పూర్తిచేసిన విద్యార్థులు జీవనోపాధి కోసం ఇతర ఉద్యోగాలలో చేరి, కొన్నాళ్లకు కుంచె పట్టడమే మానేసేవారు. దీనికి పణిక్కర్ సూచించిన పరిష్కారం చాలా సూటిగా ఉంది: కళాకారులు రోజులో కొంత సేపు అమ్ముడుపోయే చేతిపని వస్తువులు తయారుచేసి, ఆ రాబడితో బతుకుతూ, మిగిలిన సమయాన్ని మార్కెట్టు అభిరుచితో నిమిత్తం లేకుండా తమ కళకు కేటాయించాలి. ఈ ఉద్దేశంతోనే వారు చేతిపనుల సంఘాన్ని ఏర్పరచుకున్నారు.

ఆ వస్తువులలో ఎక్కువ ఆదరణ పొందింది బాతిక్ వస్త్రం. బట్ట మీద రంగు అంటకూడని చోట కరిగించిన మైనం పూసి, బట్టను రంగులో ముంచి, ఆరిన తరువాత మైనాన్ని తొలగించే అద్దకపు పద్ధతిని బాతిక్ అంటారు. ఒక్కో రంగుకు ఇదే క్రమాన్ని మళ్లీ జరపవలసి ఉంటుంది. ఇలా సమకూరిన సొమ్ముతో కొన్న సుమారు పది ఎకరాల స్థలం అప్పట్లో నగరానికి దూరంగా, సరుగుడు చెట్ల మధ్య ఉన్న ఇసుక నేల మాత్రమే. ఏ సౌకర్యమూ లేని ఆ తీరంలో పాకలతో మొదలుపెట్టి, క్రమంగా ఇళ్లనూ పనిశాలలనూ ప్రదర్శనశాలనూ ఆరుబయటి రంగస్థలాన్నీ నిర్మించుకోవడం వెనుక ఏళ్ల తరబడి సాగిన శ్రమ ఉంది.

చేతిపని కేవలం పొట్టపోసుకునే సాధనంగా మిగిలిపోక, కళలోకి కూడా ప్రవహించింది. రాగి, ఇత్తడి వంటి లోహపు రేకులను కొట్టి, వంచి, అతికి, గుడిలోని విగ్రహంలా ఎదురుగా నిలబడి చూసేందుకు అనువుగా శిల్పాలు చేసే పద్ధతిని పి.వి. జానకీరామ్ రూపొందించగా, పణిక్కర్ కుమారుడు ఎస్. నందగోపాల్ చోళమండల్‌లోనే ఉంటూ దానిని మరింత విస్తరించారు. పణిక్కర్ స్వయంగా 1963 నుంచి గీసిన ‘పదాలు, సంకేతాలు’ చిత్రమాలలో జాతక చక్రాల వంటి పటాలూ, చదవడానికి వీలులేని రాత వరుసలూ చిత్రపటమంతా పరుచుకొని, అక్షరం అర్థాన్ని వదిలి కేవలం రూపంగా కంటికి కనిపిస్తుంది. జె. సుల్తాన్ అలీ గిరిజన, జానపద మూర్తుల నుంచి ప్రేరణ పొందగా, 1973లో చిన్న వయసులోనే మరణించిన కె. రామానుజం సన్నని సిరా గీతలతో గోపురాలూ వింత జంతువులూ నిండిన స్వప్ననగరాలను సృష్టించారు. దేవతామూర్తుల చిత్రమాలతో ప్రసిద్ధుడైన తెలుగు చిత్రకారుడు ఎం. రెడ్డెప్ప నాయుడు సైతం ఈ మద్రాసు ఉద్యమానికి చెందినవారే.

ఈ గ్రామం పేరు చోళుల ఏలుబడిలోని నేలను గుర్తుచేస్తుంది. ఐరోపా వర్తకులు కోరమాండల్ అని పిలిచిన తీరం కూడా ఇదే. 17వ శతాబ్దంలో డచ్చివారూ ఆంగ్లేయులూ ఈ తీరానికి రావడానికి ముఖ్య కారణం ఇక్కడి అద్దకపు బట్టలు కాగా, వాటిలో మచిలీపట్నం కలంకారీకి పెద్ద పేరుండేది. రంగుల బట్టతో శతాబ్దాల పాటు బతికిన తీరంలోనే, బట్టకు రంగులద్ది కళాకారులు తమ ఊరిని సంపాదించుకోవడం ఆలోచింపజేసే విషయం.

నేడు సందర్శకులు ఇక్కడ 2009లో ప్రారంభమైన సమకాలీన కళాకేంద్రంలో మద్రాసు కళోద్యమానికి చెందిన కృతులను చూడవచ్చు; అమ్మకానికి ఉంచిన చిత్రాలను ప్రదర్శించే గదులతో పాటు శిల్పోద్యానం కూడా ఉంది. కళాకారుల ఇళ్లు వారి కుటుంబాలు నివసించే చోట్లు కనుక, వాటిని ప్రదర్శనశాలలుగా భావించక అనుమతితోనే వెళ్లడం మర్యాద. ఇదే దారిలో దక్షిణాది ఇళ్లనూ చేతివృత్తులనూ భద్రపరిచిన దక్షిణచిత్ర, ఆపైన పల్లవుల రాతిశిల్పాలకు నిలయమైన మహాబలిపురం ఉన్నందున, మూడింటినీ కలిపి చూసినవారికి రాయి నుంచి రేకు వరకూ సాగిన శిల్పపరిణామం బాగా బోధపడుతుంది.

నిర్జనమైన ఆ ఇసుక నేల చుట్టూ ఇప్పుడు మహానగరం విస్తరించి, స్థలాల విలువ ఎంతగానో పెరిగింది. ఇటువంటి సమయంలో కూడా ఈ గ్రామం నిలిచి ఉండడానికి మూలం, భూమి మీద హక్కు కళాకారుల చేతిలోనే ఉండడం. కళాకారులను ఆదరించాలని కోరుకునే ప్రభుత్వాలూ సంస్థలూ, తెలుగు నేల మీద పెడనలోనూ శ్రీకాళహస్తిలోనూ కలంకారీ పనివారి బాగు కోరేవారూ, బహుమతులకూ సన్మానాలకూ ముందు వారికి పనిచేసుకునే చోటునూ స్థిరమైన రాబడినీ సమకూర్చాలన్నదే చోళమండల్ అనుభవం నేర్పే పాఠం.